లష్కర్‌లో లెక్కలోకి రాని పిల్లలు: కంటోన్మెంట్‌లో బడి ఎవరి బాధ్యత?

ఒక ఊరి పక్కన మిలిటరీ దిగితే ఆ ఊరు మునుపటి ఊరుగా ఉండదు. సైనికులు వస్తారు, వాళ్ల వెంట కుటుంబాలు వస్తాయి. ఆ కుటుంబాలకు వండిపెట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, తోట పని చేసేవాళ్లు, రోడ్లూడ్చేవాళ్లు, గోడలు కట్టే కూలీలు, చిన్న దుకాణాలవాళ్లు వస్తారు. రోడ్లు పడతాయి, భూమి ధర పెరుగుతుంది. కొన్నాళ్లకు అక్కడ ఒక పట్టణమే నిలబడుతుంది. ఆ పట్టణంలో పిల్లలుంటారు. వాళ్లకు బడి ఎవరు కట్టాలి? ఏ స్థలంలో కట్టాలి? ఎవరి డబ్బుతో కట్టాలి? అసలు ఎంతమంది పిల్లలున్నారో ఎవరు రాసిపెట్టాలి?

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సామాన్య జనం ఉండే ప్రాంతాలను నగర కార్పొరేషన్‌లో కలపాలన్న చర్చ కొన్నేళ్లుగా నడుస్తోంది. ఈ చర్చలో రోడ్ల మూసివేత గురించి, ఇంటి పన్ను గురించి, నీళ్ల గురించి, కట్టడాల అనుమతుల గురించి చాలా విన్నాం. బడి మాట మాత్రం ఎక్కడో ఒక మూలన వినిపిస్తుంది. కంటోన్మెంట్ బస్తీల్లో ఉండే దళిత కుటుంబాలకు అన్నిటికంటే ముందు కావలసింది అదే. కాబట్టి కంటోన్మెంట్‌లో బడికి ప్లాన్ ఎవరు వేస్తారు, ఆ ప్లాన్‌లో మన పిల్లలు ఎందుకు కనపడరు, చట్టంలో మనం పట్టుకోవాల్సిన కొసలు ఎక్కడున్నాయి అన్నది ఇక్కడ వివరంగా చెప్పదలిచాం.

లష్కర్ అనే ఊరు

1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ దళాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. 1806లో ఆ విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. జనం మాత్రం ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటేనే సైనిక శిబిరం. లష్కర్ బోనాలు అనే మాటలో మిగిలింది ఆ శిబిరం జ్ఞాపకమే.

విడిది చుట్టూ బజార్లు పెరిగాయి. 1945లో సికింద్రాబాద్ పట్టణ భాగం నిజాం పాలనకు తిరిగి వచ్చి మునిసిపాలిటీ అయింది. 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. ఉత్తరాన ఉన్న భాగం కంటోన్మెంట్‌గానే మిగిలిపోయింది. బొల్లారం, తిరుమలగిరి, లాల్ బజార్, బోయిన్‌పల్లి, పికెట్, కార్ఖానా, రసూల్‌పురా, మడ్‌ఫోర్ట్... ఈ పేర్లన్నీ దానిలోవే. విస్తీర్ణం సుమారు పదివేల ఎకరాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 2 లక్షల 17 వేలకు పైగా మనుషులు. తెలంగాణలో చాలా మునిసిపాలిటీల కంటే పెద్ద పట్టణం అది.

అంటే కంటోన్మెంట్ అనగానే పరేడ్ గ్రౌండ్, బంగ్లాలు, చెట్ల నీడన నిశ్శబ్దంగా ఉండే రోడ్లు మాత్రమే గుర్తుకొస్తే అది సగం బొమ్మే. మిగతా సగం బస్తీలు. ఆ బంగ్లాలను, ఆ రోడ్లను శుభ్రంగా ఉంచేవాళ్లు ఉండేది ఆ బస్తీల్లోనే.

సైన్యం ఇచ్చిన చదువు, ఆపేసిన చదువు

మన చరిత్రలో కంటోన్మెంట్‌కూ బడికీ ఉన్న సంబంధం చిన్నది కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1891 ఏప్రిల్ 14న పుట్టింది మౌ కంటోన్మెంట్‌లో. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఊళ్లో బడి గడప తొక్కనివ్వని కులం నుంచి వచ్చిన మనిషి కంటోన్మెంట్‌లో పంతులయ్యాడు. కంపెనీ సైన్యంలో సిపాయిలకూ వాళ్ల పిల్లలకూ చదువు తప్పనిసరిగా ఉండటమే దానికి కారణం. ఆ ఇంట్లో అక్షరం ఉండబట్టే ఆ ఇంటి బిడ్డ చేతికి పుస్తకం వచ్చింది.

అయితే ఆ తలుపు ఎక్కువ కాలం తెరిచి లేదు. 1890ల తొలినాళ్లలో బ్రిటిష్ వాళ్లు 'యుద్ధ జాతులు' అనే సిద్ధాంతం పట్టుకుని మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. మద్రాసు సైన్యంలోనూ దాదాపు అదే కాలంలో తెలుగు, తమిళ అంటరాని కులాల భర్తీ కుదించుకుపోయింది. కొలువుతోపాటు జీతం పోయింది, పింఛను పోయింది, పిల్లల బడి కూడా పోయింది. అదే అంబేడ్కర్ సతారాలో మామూలు బడికి వెళ్తే వేరుగా గోనెపట్ట మీద కూర్చోవాల్సి వచ్చింది.

ఈ చరిత్రలో మనకొక పాఠం ఉంది. సైన్యం దయతో ఇచ్చిన చదువు సైన్యం విధానం మారిన రోజున ఆగిపోయింది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఆనాడు చేతిలో హక్కు లేదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజార్‌లో సొంతంగా బడి తెరిచి, తర్వాత బడి మీద బడి పెట్టుకుంటూ పోయాడంటే అందుకే. ఎవరో ఒకరు తలుపు తీస్తారని ఎదురుచూడటం చదువుకు దారి కాదని ఆ తరానికి బాగా తెలుసు.

బోర్డులో ఎవరు కూర్చుంటారు?

మామూలు పట్టణంలో స్థానిక పాలన రాష్ట్ర ప్రభుత్వ చట్టం కింద నడుస్తుంది. కంటోన్మెంట్ అలా కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కంటోన్మెంట్ల స్థానిక పాలన కేంద్ర జాబితాలో మూడో అంశం. కాబట్టి అక్కడ నడిచేది పార్లమెంటు చేసిన 2006 కంటోన్మెంట్ల చట్టం. పాలించేది రక్షణ మంత్రిత్వ శాఖ కింద ఉండే కంటోన్మెంట్ బోర్డు.

సికింద్రాబాద్ వంటి మొదటి తరగతి కంటోన్మెంట్‌లో బోర్డు ఇలా ఉంటుంది. స్థానిక సైనికాధికారి అధ్యక్షుడు. ముఖ్య కార్యనిర్వహణాధికారి, జిల్లా మేజిస్ట్రేటు లేదా ఆయన ప్రతినిధి, ఆరోగ్యాధికారి, ఇంజనీరు, ముగ్గురు సైనికాధికారులు సభ్యులు. వీళ్లు ఎనిమిది మంది. జనం ఎన్నుకునే వార్డు సభ్యులు మరో ఎనిమిది మంది. ఓట్లు సమానంగా చీలితే అధ్యక్షుడి నిర్ణాయక ఓటు ఎటుంటే అటు తీర్మానం. అంటే రెండు లక్షల మంది ఎన్నుకున్నవాళ్లంతా ఒక్క మాట మీద నిలబడినా ఆ మాట నెగ్గుతుందన్న హామీ లేదు.

ఇంకో సంగతి చూడండి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ అసెంబ్లీ నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వు అయినది. అక్కడి ఎమ్మెల్యే దళితులే అవుతారు. కానీ 2006 చట్టం ప్రకారం ఎమ్మెల్యే, ఎంపీ బోర్డు సమావేశాలకు ప్రత్యేక ఆహ్వానితులు మాత్రమే. మాట్లాడవచ్చు, ఓటు వేయడానికి లేదు. అసెంబ్లీలో రాష్ట్రం మొత్తానికి చట్టాలు చేసే దళిత ప్రతినిధికి తన సొంత నియోజకవర్గంలో ఒక బడి గది మీద ఓటు లేదు.

ఇది ఎన్నికలు సక్రమంగా జరిగితే ఉండే పరిస్థితి. అసలు ఎన్నికలే లేకపోతే? సికింద్రాబాద్ బోర్డుకు చివరిసారి ఓటింగ్ జరిగింది 2015 జనవరిలో. ఆ సభ్యుల గడువు 2020 ఫిబ్రవరిలో ముగిసింది. రెండుసార్లు పొడిగించారు. 2021 ఫిబ్రవరి నుంచి మార్పు చేసిన బోర్డు వచ్చింది. అందులో ఉండేది అధ్యక్షుడైన సైనికాధికారి, ముఖ్య కార్యనిర్వహణాధికారి, కేంద్రం నామినేట్ చేసిన ఒక పౌరుడు. మొత్తం ముగ్గురు. 2023 ఏప్రిల్ 30న దేశంలో 57 కంటోన్మెంట్లకు ఎన్నికలు జరుపుతామని నోటిఫికేషన్ ఇచ్చి, అదే ఏడాది మార్చిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. వార్డుల రిజర్వేషన్ కింద ఎన్నిక కావాల్సిన ఎస్సీ సభ్యులు, మహిళా సభ్యులు ఆ విధంగా బోర్డులో లేకుండాపోయారు.

ఇంటి నంబరు లేనివాళ్లు

ఎన్నికలు జరిగినా అందులో ఓటు వేసే హక్కు అందరికీ ఉందా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. 2016లో పచ్‌మఢీ కంటోన్మెంట్ కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రక్షణ భూమిని ఆక్రమించి కట్టుకున్న ఇళ్లలో ఉండేవాళ్ల పేర్లు కంటోన్మెంట్ బోర్డు ఓటరు జాబితాలో ఉండటానికి వీల్లేదన్నది దాని సారాంశం. బోర్డు ఇచ్చిన ఇంటి నంబరు ఉన్న ఇల్లే ఇల్లు, అక్కడున్నవాళ్లే నివాసులు. ఆ తీర్పు తర్వాత సికింద్రాబాద్‌లోనూ వేల సంఖ్యలో పేర్లు బోర్డు ఓటరు జాబితా నుంచి తీసేశారు.

అదే మనిషి ఎంపీకి ఓటు వేస్తాడు, ఎమ్మెల్యేకు ఓటు వేస్తాడు. తన వీధి మోరీ మీద, తన బిడ్డ బడి మీద నిర్ణయం తీసుకునే బోర్డుకు మాత్రం ఓటు వేయలేడు. రక్షణ భూమి మీద ఉన్న బస్తీకి పట్టా ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి లేదు. కాబట్టి రాష్ట్రంలో ఏ పార్టీ గెలిచినా ఆ గుడిసె అక్రమ గుడిసెగానే మిగిలిపోతుంది. తరాల నుంచి అక్కడే ఉండి, అక్కడే ఊడ్చి, అక్కడే మోసి బతికినవాళ్లు కాగితం మీద 'స్థానికులు' కాకుండాపోతారు.

బడుల ప్లానింగ్‌కు దీనితో ఏం సంబంధం అని అడగవచ్చు. చాలా ఉంది. ఎక్కడ బడి పెట్టాలో నిర్ణయించడానికి ముందు ఎవరెక్కడ ఉన్నారో లెక్క కావాలి. ఇంటి నంబరు లేని ఇల్లు ఆ లెక్కలో పడదు. ఇల్లు లెక్కలో పడకపోతే ఇంట్లో పిల్ల కూడా పడదు. ఓటు లేని తల్లిదండ్రుల పిల్లలను లెక్కపెట్టమని గట్టిగా అడిగే వార్డు సభ్యుడు కూడా ఉండడు.

ఒకే రోడ్డు మీద నాలుగు రకాల బడులు

కంటోన్మెంట్‌లో బడులు లేవని మేం అనడం లేదు. హైదరాబాద్‌లో మరెక్కడా లేనన్ని రకాల బడులు అక్కడ ఉన్నాయి. ఏ బడిలో ముందుగా ఎవరికి చోటు అన్నదే చూడాలి.

ఒకటి, ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు. 1983లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ ఎడ్యుకేషన్ సొసైటీ వీటిని నడుపుతుంది. మొదటి ప్రాధాన్యం సైనికుల పిల్లలకు. ఖాళీలు మిగిలితేనే బయటివాళ్లకు, అదీ ఎక్కువ ఫీజుతో. బదిలీల మీద ఊళ్లు తిరిగే సైనిక కుటుంబాలకు అలాంటి బడి అవసరమే. దాన్ని కాదనడం లేదు.

రెండు, కేంద్రీయ విద్యాలయాలు. వీటిలో మొదటి ప్రాధాన్యం కేంద్ర ప్రభుత్వోద్యోగులకు, మాజీ సైనికులకు. తర్వాత కేంద్ర సంస్థల ఉద్యోగులు, రాష్ట్ర ఉద్యోగులు. చివరికి మిగతావాళ్లు. అయితే ఇక్కడ మనకు రెండు దారులున్నాయి. కొత్త ప్రవేశాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. ఒకటో తరగతిలో విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లు లాటరీ ద్వారా నింపుతారు. తండ్రి కేంద్ర ఉద్యోగి కానక్కర్లేదు, దగ్గరలో ఉంటే చాలు. కంటోన్మెంట్ బస్తీలవాళ్లకు అది గేటు పక్కనే ఉన్న బడి. కానీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో, కొన్ని వారాల గడువులో పెట్టాలి. కుల ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం కావాలి. ఇంటి నంబరు లేని ఇంటికి నివాస పత్రం ఎంత తిప్పలో బస్తీలో ఎవరినడిగినా చెబుతారు.

మూడు, ప్రైవేటు బడులు. విద్యాహక్కు చట్టంలో 12(1)(సి) సెక్షన్ ప్రకారం వీటిలో ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు ఉచితంగా ఇవ్వాలి. తెలంగాణలో ఈ నిబంధన ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు.

నాలుగు, సర్కారు బడులు, బోర్డు బడులు. బస్తీ పిల్లలకు మిగిలేవి ఇవే. బడి ఎక్కడ కట్టాలన్నా, పాత బడికి ఒక గది పెంచాలన్నా భూమి కావాలి. భూమి రక్షణ శాఖది. అనుమతి బోర్డు ఇవ్వాలి. టీచర్లను రాష్ట్ర విద్యాశాఖ ఇవ్వాలి. మూడు ఆఫీసుల మధ్య ఒక తరగతి గది ఏళ్ల తరబడి ఫైలుగానే ఉండిపోగలదు.

దీనికి తోడు డబ్బు సమస్య. కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద స్థానిక సంస్థ పన్ను వేయరాదని రాజ్యాంగం 285వ అధికరణం చెబుతుంది. కంటోన్మెంట్‌లో అత్యధిక భూమి కేంద్రానిదే. పన్నుకు బదులు సేవా రుసుము చెల్లించాలి. ఆ బకాయిలు పేరుకుపోయాయన్నది ఎన్నో ఏళ్లుగా వినిపిస్తున్న మాట. బస్తీ బడికి పైకప్పు వేయడానికి బోర్డు దగ్గర డబ్బు లేదన్నప్పుడు, రావాల్సిన డబ్బు ఎక్కడ ఆగిందో కూడా మనం అడగాలి.

అమెరికాలో ఒక బేస్, ఒక స్కూల్ బోర్డు

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చింది కాదు. అమెరికాలోనూ సైనిక భూమికి స్థానిక పన్ను ఉండదు. అక్కడ బడులు నడిచేది చాలావరకు స్థానిక ఆస్తి పన్ను మీద. బేస్ వస్తే పిల్లలు పెరుగుతారు, పన్ను కట్టే భూమి తగ్గుతుంది. ఈ నష్టాన్ని పూడ్చడానికి 1950లో అమెరికా కాంగ్రెస్ రెండు చట్టాలు చేసింది. ఒకటి బడి కట్టడాలకు, రెండోది బడి నడిపే ఖర్చులకు. ఈ సాయాన్ని ఇంపాక్ట్ ఎయిడ్ అంటారు. పిల్లలను లెక్కపెట్టి డబ్బివ్వడం దీని పద్ధతి. బేస్ మీద ఉండే పిల్లలు ఎందరు, బేస్‌లో పనిచేసేవాళ్ల పిల్లలు ఎందరు అని స్కూల్ బోర్డు ఏటా లెక్క పంపాలి. తర్వాతి కాలంలో, 2005లో బేస్‌లను పునర్వ్యవస్థీకరించినప్పుడు, ఫోర్ట్ బ్రాగ్, ఫోర్ట్ బెన్నింగ్ వంటి చోట్ల చుట్టుపక్కల కౌంటీలు కలిసి కూర్చుని ఎందరు పిల్లలు రాబోతున్నారు, ఎన్ని గదులు కావాలి అని ముందే అంచనాలు వేశాయి.

ప్లానింగ్ బాగుంది. కానీ ఆ డబ్బుతో కట్టిన బడిలో ఎవరు కూర్చున్నారు? 1948లో ట్రూమన్ ఆదేశంతో అమెరికా సైన్యంలో నల్లవాళ్లను వేరుచేసే పద్ధతి రద్దుకు పునాది పడింది. 1954 జనవరిలో రక్షణ శాఖ బేస్‌ల లోపలి బడుల్లోనూ దాన్ని ఎత్తివేయాలని ఆదేశించింది. బేస్ గేటు దాటితే మాత్రం దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్ల బడి వేరు, నల్లవాళ్ల బడి వేరు. ఫెడరల్ డబ్బు రెంటికీ వెళ్లింది. ఒకే బారక్‌లో ఉండే ఇద్దరు సైనికుల పిల్లలు పొద్దున్నే రెండు వేర్వేరు బడులకు వెళ్లారు.

లూసియానా రాష్ట్రంలో బార్క్స్‌డేల్ వైమానిక స్థావరం ఉంది. అది ఉన్న బాషియర్ పారిష్ స్కూల్ బోర్డు మీద 1964లో ఆ స్థావరంలోని నల్లజాతి తల్లిదండ్రులు కేసు వేశారు. బోర్డు వాదన వినండి. ఈ పిల్లలు ఫెడరల్ భూమి మీద ఉంటున్నారు, మా పారిష్ నివాసులు కారు, మా బడుల్లో సమానంగా చదివే హక్కు వీళ్లకు లేదు అన్నది. కోర్టు ఒప్పుకోలేదు. ఫెడరల్ డబ్బు తీసుకున్నప్పుడు ఈ పిల్లలను మిగతా పిల్లలతో సమానంగా చేర్చుకుంటామని మీరే హామీ రాసిచ్చారు, ఇప్పుడు వెనక్కి పోవడానికి లేదని తేల్చింది. 1967లో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. 1964 పౌరహక్కుల చట్టం ఆ తల్లిదండ్రులకు అండగా నిలిచింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ కార్యక్రమంలోనూ జాతి వివక్ష ఉండరాదని ఆ చట్టంలోని ఆరో అధ్యాయం అంటుంది.

అక్కడా ఇక్కడా ఆయుధం ఒకటే: 'మీరు ఇక్కడి నివాసులు కారు.' బాషియర్‌లో గేటు లోపలివాళ్లను అలా అన్నారు. లష్కర్‌లో గేటు బయట బస్తీవాళ్లను అంటున్నారు. డబ్బు లెక్కలో, పని లెక్కలో ఉన్న మనుషులు హక్కుల లెక్కలోకి వచ్చేసరికి మాయమవుతారు. బాషియర్ తల్లిదండ్రులు గెలిచింది బోర్డు స్వయంగా సంతకం చేసిన కాగితాన్ని పట్టుకోవడం వల్ల. మన దగ్గర కూడా అలాంటి కాగితాలున్నాయి.

మన చేతిలో ఉన్న కాగితాలు

మొదటిది 2006 కంటోన్మెంట్ల చట్టమే. ప్రాథమిక పాఠశాలలు స్థాపించడం, నడపడం లేదా వాటికి సహాయం చేయడం బోర్డు విధుల్లో ఒకటి. అంతకు మించిన చదువుల కోసం ఖర్చు పెట్టే అధికారం కూడా బోర్డుకుంది. పదో సెక్షన్ ఇంకో ముఖ్యమైన మాట చెబుతుంది. గ్రాంట్లు పొందడానికి, విద్య సహా కేంద్ర సంక్షేమ పథకాలు అమలు చేయడానికి ప్రతి బోర్డునూ రాజ్యాంగంలోని మునిసిపాలిటీగానే భావించాలి. డబ్బు తీసుకోవడానికి మునిసిపాలిటీ అయిన సంస్థ జవాబు చెప్పడానికి కాకపోతే ఎలా?

అదే చట్టం భూ వినియోగ ప్రణాళిక తయారు చేయమంటోంది. నివాసాలకు, సంస్థలకు, వ్యాపారానికి ఏయే ప్రాంతాలో గుర్తించాలి. మనుషులు ఉండటానికి తగిన ప్రమాణాలు లేని ప్రాంతాలను మెరుగుపరచే పథకాలు అందులో చేర్చాలి. అంటే బస్తీలను ఆక్రమణలుగా మాత్రమే చూడమని కాదు, బాగుచేయాల్సిన చోట్లుగా చూడమని చట్టమే చెబుతోంది.

రెండోది 2009 విద్యాహక్కు చట్టం. స్థానిక సంస్థ అనే మాటకు అందులో ఇచ్చిన నిర్వచనం విశాలమైనది. చట్టప్రకారం ఒక పట్టణంలో స్థానిక సంస్థగా పనిచేసే ఏ సంస్థ అయినా అందులోకి వస్తుంది. తొమ్మిదో సెక్షన్ ప్రకారం తన పరిధిలో ఉంటున్న పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాలను స్థానిక సంస్థ నమోదు చేసి ఉంచాలి. 'ఉంటున్న' అన్నదే అక్కడి షరతు. ఇల్లు సక్రమమా అక్రమమా అని ఆ చట్టం అడగదు. ఇంటి నంబరు లేకపోతే ఓటు లేదనవచ్చునేమో గానీ, ఆ ఇంట్లో పిల్ల లేదనడానికి ఏ కోర్టూ అనుమతి ఇవ్వలేదు. ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నది ఈ చట్టం కింద వచ్చిన ప్రమాణం. మిలిటరీ గేటు మూసుకుపోయి చుట్టూ తిరిగి పోవాల్సి వస్తే ఆ కిలోమీటరును పిల్లలు నడిచే దారిలో కొలవాలి, మ్యాపులో గీసిన గీత మీద కాదు.

విలీనంలో బడి ఎక్కడ?

2023 ఏప్రిల్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లోని యోల్ కంటోన్మెంట్‌ను రద్దు చేశారు. మిగతా చోట్లా పౌర ప్రాంతాలను వేరుచేసి, సైనిక ప్రాంతాన్ని మిలిటరీ స్టేషన్‌గా ఉంచాలన్నది కేంద్రం విధానం. 2024 జూన్‌లో సికింద్రాబాద్‌తో సహా కొన్ని కంటోన్మెంట్ల విషయంలో మార్గదర్శకాలు వచ్చాయి. పౌర సేవల కోసం ఏర్పరచిన ఆస్తుల మీద హక్కులు ఉచితంగా రాష్ట్రానికి లేదా మునిసిపాలిటీకి బదిలీ అవుతాయి. భూమి మీద యాజమాన్య హక్కు మాత్రం కేంద్రం దగ్గరే ఉంటుంది.

విలీనం వల్ల ఓటు తిరిగి వస్తుంది, రాష్ట్ర పథకాలకు అడ్డు తగ్గుతుంది. అది మనకు కావాలి. కానీ బడి దానంతటదే రాదు. హైదరాబాద్‌లో సర్కారు బడులు నడిపేది పాఠశాల విద్యాశాఖ, నగర కార్పొరేషన్ కాదు. కార్పొరేషన్‌కు రోడ్లు, మోరీలు, చెత్త, వీధి దీపాలు అప్పగించడానికి పద్ధతులున్నాయి. బోర్డు బడి ఎవరికి వెళ్తుంది, దాని టీచర్లు ఎవరి ఉద్యోగులవుతారు, బడి ఉన్న స్థలం 'పౌర సేవల ఆస్తి' జాబితాలో ఉందా లేదా అన్నవి ముందే రాసుకోకపోతే ఆ బడి రెండు ఆఫీసుల మధ్య అనాథ అవుతుంది. ఇక గీత ఎక్కడ గీస్తారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. రక్షణ భూమి మీద ఉన్న బస్తీని పౌర ప్రాంతం వైపు ఉంచుతారా, మిలిటరీ స్టేషన్ వైపు నెడతారా? గీత అవతల పడ్డ బస్తీకి అటు కార్పొరేషనూ లేదు, ఇటు బోర్డూ లేదు.

భూమి దొరకదు అన్న సాకును కూడా ఒప్పుకోవద్దు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు, డెయిరీ ఫామ్ రోడ్డు వైపు ఎలివేటెడ్ కారిడార్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం రక్షణ భూమి అడిగింది. 2024 మార్చిలో కేంద్రం అనుమతించింది. కార్ల కోసం కదిలిన ఫైలు పిల్లల కోసం కదలదా?

ఇప్పుడు అడగాల్సినవి

కంటోన్మెంట్ బస్తీల్లో పనిచేసే సంఘాలు, యూనివర్సిటీల్లో ఉన్న మన విద్యార్థులు చేయగలిగిన పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద బోర్డును, హైదరాబాద్ జిల్లా విద్యాశాఖను ఒకేసారి ఐదు ప్రశ్నలు అడగండి. విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ కింద నమోదు చేసిన పిల్లల రిజిస్టరు బస్తీవారీగా ఎక్కడుంది? అందులో ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎందరు? బోర్డు బడ్జెట్‌లో గత ఐదేళ్లలో బడులకు పెట్టిన ఖర్చెంత, కేంద్రం నుంచి రావాల్సిన సేవా రుసుము బకాయి ఎంత? భూ వినియోగ ప్రణాళికలో బడులకు కేటాయించిన స్థలాలు ఏవి? విలీనంలో బదిలీ చేయదలచిన ఆస్తుల జాబితాలో ప్రతి బడి పేరు ఉందా?

రిజిస్టరు లేదని జవాబొస్తే అది కూడా సాక్ష్యమే. అప్పుడు రిజిస్టరు మనమే రాయాలి. ఒక్కో బస్తీలో ఇంటింటికీ తిరిగి, ఐదేళ్లు నిండిన పిల్లలెవరు, బడికి పోయేదెవరు, మానేసిందెవరు, బడి ఎంత దూరం అని రాస్తే రెండు మూడు ఆదివారాల పని. ఆ కాగితాన్ని బోర్డుకు, కలెక్టరుకు, ఎమ్మెల్యేకు, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు ఇవ్వాలి. కేంద్రీయ విద్యాలయ దరఖాస్తుల కాలంలో బస్తీలో ఒక బల్ల వేసుకుని కూర్చుని ఫారాలు నింపిపెట్టాలి, ధ్రువపత్రాల కోసం ముందే తిరగాలి. గేటు పక్కనున్న బడిలోకి ఒక్క పిల్ల ప్రవేశించినా రేపు ఇంకో పిల్లకు ఆ దారి తెలుస్తుంది.

రాంజీ సక్పాల్ తరానికి కంటోన్మెంట్‌లో కొలువుండేది, హక్కు లేదు. మన తరానికి రాజ్యాంగం ఉంది, విద్యాహక్కు ఉంది, బోర్డు విధులు రాసిన చట్టం ఉంది. లేనిదల్లా మన పిల్లల పేర్లు రాసిన ఒక జాబితా. గీతలు గీయడం పూర్తికాకముందే ఆ జాబితా వాళ్ల బల్ల మీదుండాలి.